మేడెక్కని కోరం

మా అత్తయ్య దృష్టిలో లోకంలో ఏ విషయమైనా రెండుసార్లు జరుగుతుంది. జరిగినప్పుడు ఒకసారి, ఆవిడ దాన్ని కాగితం మీద పెట్టినప్పుడు ఇంకోసారి. ఈ రెండింటిలో మొదటిదాన్ని ఆవిడ పెద్దగా ఖాతరు చేయదు.

"మా పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో అయింది కదా. నేను సంతకం గీకేసి బయట స్నేహితులతో ఫొటో దిగుతున్నాను. మీ అత్తేమో లోపల ఆ కాగితం పైనుంచి కిందిదాకా చదివి, ఇంటి నంబరు తప్పు పడిందని రిజిస్ట్రారుతో తగువు పెట్టుకుంది. అది దిద్దేదాకా నన్ను దారిన పోయేవాడిలాగే చూసింది" అంటాడు మామయ్య. ఆయన కరెంటు పని చేసి రిటైరైన మనిషి. షాకులకి ముందే అలవాటు పడ్డాను కాబట్టి ఈ సంసారంలో బతికి బట్టకట్టానని ఆయన నమ్మకం.

అత్తయ్య ఒక పెద్ద ఆఫీసులో స్టెనోగా చేసింది. పై అధికారులు వాక్యం మొదలుపెట్టి సగంలో వదిలేసి టీకి వెళ్ళిపోతే, దానికి ఒక తోకా ఒక అర్థమూ వెతికి తగిలించి టైపు చేయడం ఆవిడ ఉద్యోగం. ఆవిడ తగిలించిన అర్థాలతో చాలామందికి ప్రమోషన్లు వచ్చాయి. ఆవిడకి మెడనొప్పి వచ్చింది. అందరికీ ఏదో ఒకటి దక్కింది.

రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని ఏం చేయాలో తోచక, కూరగాయలతను చెప్పిన ధరలు షార్ట్‌హ్యాండులో రాసుకుంటున్న రోజుల్లో మా పేట లైబ్రరీ వాళ్ళు వచ్చారు. గౌరవ సెక్రటరీగా ఉండమని అడిగారు. గౌరవం అన్న మాట ముందుకొచ్చి కూర్చుందంటే జీతం అన్న మాట లేచి వెళ్ళిపోయిందని అర్థం. అయినా అత్తయ్య ఒప్పుకుంది. ఆవిడకి కావలసిందల్లా ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండాలి, తను రాస్తూ ఉండాలి. లైబ్రరీ బోర్డులో మాట్లాడేవాళ్ళకి కొదవ లేదు. పని చేసేవాళ్ళ కోసమే ఇంకా వెతుకుతున్నారు.

ఆ లైబ్రరీ మూడు అంతస్తుల మనిషి లాంటిది. మధ్యలో హాలు, అది కడుపు. పొద్దున్నే పేపర్ల కోసం వచ్చే పెన్షనర్లతో, పోటీ పరీక్షలకి చదువుకునేవాళ్ళతో నిండిపోతుంది. అక్కడ పుస్తకాలు రాసి ఇచ్చే నా బల్ల కూడా ఆ హాల్లోనే, మెట్ల పక్కన. పైన ఒకే ఒక గది, మూడు వైపులా కిటికీలు, ఎండా గాలీ ధారాళం. అది తల. అందులో బోర్డు కూర్చుంటుంది కాబట్టి, తల ఎంత ఖాళీగా ఉంటుందో విడిగా చెప్పనక్కర్లేదు. కింద, నేలలోకి దిగిన గది ఒకటి ఉంది. అందులో అట్టలాయన ఉంటాడు.

అట్టలాయన అంటే పుస్తకాలు బైండు చేసేవాడు. చిరిగిన పుస్తకం ఆయన చేతికి వెళ్ళి కొత్త అట్టతో, గట్టి వీపుతో తిరిగొస్తుంది. ఆయన వీపు మాత్రం ఏడాదికేడాది వంగిపోతోంది. ఆ గదికి ఉన్న ఒక్క కిటికీ రోడ్డు మట్టానికి ఉంటుంది. అందులోంచి మనుషుల చెప్పులు తప్ప ఇంకేం కనబడవు. గోడలు ఎప్పుడు తాకినా తడిగానే ఉంటాయి. జిగురు ఆరదు. ఆరని జిగురు మీద బూజు, ఆ బూజు మీంచి ఆయన ఊపిరితిత్తుల్లోకి దగ్గు. కిందటి వానాకాలంలో ఆయన్ని ఆసుపత్రిలో పెట్టాల్సి వచ్చింది. ఇంకో వానాకాలం ఆ గదిలో గడిపితే నేను పూచీ పడనని డాక్టరు చెప్పేశాడట. కూతురు పని మానేయమని పోరుతోంది.

"మానేసి ఏం చెయ్యనమ్మా? ఇంట్లో కూర్చుంటే అల్లుడికి అట్ట వెయ్యాలి" అన్నాడు అట్టలాయన అత్తయ్యతో.

ఇక బోర్డు. మొత్తం తొమ్మిదిమంది, అత్తయ్యతో కలిపి. ఐదుగురు కూర్చుంటే కోరం. ప్రెసిడెంటు గారు ఒక కాలేజీకి ప్రిన్సిపాలుగా చేసి దిగారు. దిగారన్న సంగతి ఆయనకి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. ప్లీడరు గారు ఉన్నారు. ఆయన వాదన ఎప్పుడూ అద్భుతంగా ఉంటుంది, అవతలివాళ్ళు మొదటి ప్రశ్న వేసేదాకా. ఇన్సూరెన్సు ఆయన ఉన్నారు. అందరి ఆరోగ్యం గురించీ ఆత్రంగా అడుగుతారు, బాగుందంటే మొహం ముడుచుకుంటారు. పళ్ళ డాక్టరు ఉన్నారు. మిగతా నలుగురూ గ్రూప్ ఫొటోల్లో ఉన్నారు.

ఆ బోర్డుకి ఒక ఆచారం ఉంది. లైబ్రరీ పెట్టిన పెద్దమనిషి ఎవరి జ్ఞాపకశక్తినీ నమ్మేవాడు కాదట. అందుకని ప్రతి మీటింగులోనూ ముందు కిందటి మీటింగు మినిట్స్ చదవాలి. చదివాక వచ్చినవాళ్ళంతా కుడిచెయ్యి బల్ల మీద పెట్టి "అలాగే జరిగింది" అని ఒక్క గొంతుతో అనాలి. అప్పుడుగానీ ఆ మినిట్స్ ఆమోదం పొందినట్టు కాదు. ఆమోదం పొందేదాకా అందులో రాసిన ఏ పనీ మొదలుపెట్టకూడదు. అంటే ఇక్కడ ఏదైనా పని జరగాలంటే ముందు అది జరిగిందని ఒప్పుకోవాలి. ఈ పద్ధతి అత్తయ్యకి తెగ నచ్చింది. ఇంతకాలానికి తనలాంటివాళ్ళ మధ్యకి వచ్చాననుకుంది పాపం.

ఆ ఏడు వేసవి మొదట్లో పై ఆఫీసు నుంచి ఒక పెద్దాఫీసరు తనిఖీకి వచ్చారు. ఆ రోజు బోర్డు తొమ్మిదికి తొమ్మిదిమందీ హాజరు. ఫొటోగ్రాఫరు కూడా హాజరు. ఆఫీసరు గారు పైగదిలో బల్ల మీద కొత్తగా బైండు చేసిన పుస్తకం ఒకటి తీసి, "పనితనం బాగుందే. ఈయన ఎక్కడ కూర్చుని చేస్తాడు?" అని మాటవరసకి అడిగారు.

 నేల కింద అనడానికి ఎవరికీ నోరు రాలేదు. సరిగ్గా అప్పుడే కింది నుంచి దగ్గు వినబడింది. ఆఫీసరు గారు నేల వైపు చూశారు.

"అదే, ఆయన్ని ఈ గదిలోకి మార్చే ఆలోచనలో ఉన్నామండీ" అన్నారు ప్రెసిడెంటు గారు. ఆ ఆలోచన ఆయన బుర్రలోకి అప్పుడే, ఆ దగ్గుతోపాటే వచ్చింది.

"గాలీ వెలుతురూ పనివాడికే కదండీ ఉండాలి!" ఇన్సూరెన్సు ఆయన అందుకున్నారు.

"మానవతా దృక్పథం" అన్నారు ప్లీడరు గారు. దానికి ముందూ వెనకా ఏమీ లేదు.

తీర్మానం పెట్టారు. తొమ్మిది చేతులూ లేచాయి. ఫొటోగ్రాఫరు 'ఇంకొంచెం పైకి' అంటే ఇంకొంచెం పైకి లేచాయి. బోర్డు ఇకమీద హాల్లో ఒక మూల సమావేశమయ్యేట్టూ, మేడమీది గది తాళం అట్టలాయనకి ఇచ్చేట్టూ ఏకగ్రీవం. ఆ ఊపులోనే ఇంకో తీర్మానం కూడా చేశారు, గుమ్మం దగ్గర బోర్డు సభ్యుల పేర్లతో ఒక పెద్ద ఫలకం పెట్టాలని. దానికీ తొమ్మిది చేతులు. ఈసారి ఫొటోగ్రాఫరు చెప్పకుండానే బాగా పైకి లేచాయి. అత్తయ్య రెండూ రాసుకుంది.

ఆఫీసరు గారి కారు మలుపు తిరగ్గానే పైగది అందరికీ ఒక్కసారిగా ప్రాణంతో సమానమైపోయింది. మధ్యాహ్నం ప్రెసిడెంటు గారు నడుం వాల్చేది అక్కడే. దాన్ని ఆయన లైబ్రరీ వ్యవహారాలు చూడడం అనేవారు. ప్లీడరు గారి ఇంట్లో పట్టని పాత కేసు కట్టలు రెండు బీరువాల్లో ఉన్నది అక్కడే. ఇన్సూరెన్సు ఆయన తన పాలసీదారులకి చావు గురించి నచ్చచెప్పేది ఆ గాలి తగిలే కిటికీ పక్కనే. ఇప్పుడు ఎత్తిన చెయ్యి దించేదెలా? ఎవరూ వద్దనలేదు. వద్దంటే మాట పడాలి. ఇంకా తేలికైన దారి ఒకటి ఉంది. తరవాతి మీటింగుకి ముగ్గురు పెద్దమనుషులు వచ్చారు, అంతే. అత్తయ్యతో కలిపి నలుగురు.

"అయ్యో, కోరం లేదే!" అన్నారు ప్రెసిడెంటు గారు, బిస్కెట్టు టీలో ముంచుతూ. "మరి మినిట్స్ ఆమోదం కుదరదుగా సెక్రటరీ గారూ?"

"కుదరదండి" అంది అత్తయ్య.

"రూలు రూలే" అన్నారు ప్లీడరు గారు నిట్టూర్చి. ఆ నిట్టూర్పులో ఎంత సుఖం ఉందో కింద ఉన్న నాకు కూడా వినబడింది.

ఆ తరవాత మీటింగులోనూ నలుగురే. నిజానికి ఐదో మనిషి ఉన్నారు. పళ్ళ డాక్టరు హాల్లో నా ఎదురు బల్ల దగ్గరే కూర్చుని ఆటల పేజీ చదువుతున్నారు. మెట్లెక్కరు, అంతే. అత్తయ్య పైనుంచి తొంగిచూసింది.

"డాక్టరు గారూ, పైకి రండి. మీరొస్తే కోరం అవుతుంది."

"మోకాళ్ళు మేడమ్. మీరు కానివ్వండి. నేను కిందే ఉన్నాగా, మనసంతా పైనే ఉంది."

"మనసుని లెక్కవెయ్యడానికి రూలు లేదండి."

"అదే వచ్చిన చిక్కు. రూల్సు రాసినవాళ్ళకి మనసు లేదు" అని ఆయన పేజీ తిప్పారు.

ఆ రోజు పైన ఇంకో గొప్ప చర్చ జరిగింది. కోరం లేక వాయిదా పడిన కిందటి మీటింగుకి కూడా అత్తయ్య మినిట్స్ రాసింది, 'కోరం లేనందున సభ వాయిదా పడినది' అని ఒకే ఒక్క వాక్యం. మరి ఈ వాక్యాన్ని ఆమోదించవచ్చా? కోరం లేదు కాబట్టి ఆమోదించకూడదన్నారు ప్రెసిడెంటు గారు. ఆమోదించకపోతే కోరం లేదన్న సంగతి రుజువు కాదు కాబట్టి, కోరం ఉన్నట్టే అనుకోవచ్చా అని ఇన్సూరెన్సు ఆయన సందేహం. ఉన్నట్టు అనుకుంటే ఆమోదించవచ్చు కదా, ఆమోదిస్తే లేనట్టు అవుతుంది కదా అని ప్లీడరు గారు. టీలు చల్లారిపోయాయి. చివరికి ఆ చర్చని తరవాతి మీటింగుకి వాయిదా వేశారు. వాయిదా వేయడానికి మాత్రం కోరం అక్కర్లేదట. ఆ ఒక్క రూలు అందరికీ కంఠతా వచ్చు.

అత్తయ్య అదంతా కూడా పూసగుచ్చినట్టు రాసింది. అలా ఆమోదం లేని మినిట్స్ ఒకదానిమీద ఒకటి పేరుకుంటూ వచ్చాయి. ఇంట్లో మామయ్యకి ఇది మంచి కాలక్షేపం.

"రాత్రికి ఏం వండమంటారు?" అని అత్తయ్య అడిగితే, "ఇంట్లో ఉన్నది ఇద్దరం. నువ్వు ఆ బోర్డు ధ్యాసలో ఉన్నావు. కోరం లేదు. నిన్నటిదే పెట్టు" అనేవాడు.

"మీకు వేళాకోళంగా ఉంది. అక్కడ ఆ మనిషి దగ్గి చస్తున్నాడు."

"మరి తాళం ఇచ్చెయ్యరాదూ? తాళం నీ దగ్గరే ఉందిగా."

"ఆమోదం కాకుండా ఎలా ఇస్తాను?"

"ఓసి నీ ఆమోదం! ఇల్లు తగలబడుతున్నా ఆమోదం అయ్యాకే నీళ్ళు పోస్తావా?"

 ఆ ప్రశ్నకి అత్తయ్య దగ్గర ఉన్న జవాబు ఆవిడకే నచ్చలేదు. బోర్డు ఆవిడ్ని పట్టుకున్నది సరిగ్గా అక్కడే. వాళ్ళకి రూలంటే గొడుగు, వాన పడినప్పుడే తెరుస్తారు. ఆవిడకి రూలంటే ఇంటి కప్పు. కప్పు పీకి ఎవరికి ఇస్తుంది?

ఆకాశం మబ్బుపట్టడం మొదలైంది. అట్టలాయన కింది గదిలోంచి పైకొచ్చి మెట్ల దగ్గర ఊపిరి కోసం నిలబడడం ఎక్కువైంది. ఒకరోజు అత్తయ్య ఎదురుపడితే ఆవిడే తల దించుకుంది.

"మీరేం బాధపడకండమ్మా" అన్నాడాయన. "నా దగ్గుకి పెద్దవాళ్ళు ఎంత మర్యాద ఇస్తున్నారో చూడండి. అది వినబడితే చాలు, మీటింగులోంచి లేచి వెళ్ళిపోతున్నారు."

"వచ్చే మీటింగులో ఎలాగైనా..."

"ఈ నెలాఖరుకి మానేస్తానని మా అమ్మాయికి మాటిచ్చానమ్మా. పుస్తకాలు నొక్కే ఇనప ప్రెస్సు అమ్మకానికి పెట్టాను. దాన్ని ఇంటికి తీసుకెళ్తే అది పడుకోవాలో నేను పడుకోవాలో తేల్చుకోవాలి."

ఆ సాయంత్రం మామయ్య, చదివేసిన పుస్తకం తిరిగివ్వడానికి లైబ్రరీకి వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగి పైకి చూస్తూ నిలబడిపోయాడు. అక్కడ పేర్ల ఫలకం వేలాడుతోంది. నల్ల పలక మీద బంగారు రంగు అక్షరాలు. ఇన్సూరెన్సు ఆయన బావమరిది పెయింటరు కావడంతో, తీర్మానం అయిన వారంలోపే అది గోడెక్కేసింది. ప్రెసిడెంటు గారి డిగ్రీలు పట్టక పలక మూల మీదికి ఒంగాయి. అందరికన్నా కింద, చిన్న అక్షరాల్లో అత్తయ్య పేరు ఉంది.

"బాగుందోయ్ నీ పేరు! దీన్ని ఎప్పుడు ఆమోదించారు?" అన్నాడు మామయ్య, ఎదురొచ్చిన అత్తయ్యతో.

ఆయన ఎప్పటిలాగే వేళాకోళంగానే అన్నాడు. కానీ అత్తయ్య నవ్వలేదు, విసుక్కోలేదు. ఫలకం వంక అలా చూస్తూ ఉండిపోయింది. రోజూ దానికిందనుంచే లోపలికి వస్తోంది, రోజూ తన పేరు చూసుకుంటోంది. అదే మీటింగు, అవే చేతులు, అదే పేజీ. ఒక తీర్మానం ఆమోదం లేకుండానే గోడెక్కి మెరిసిపోతోంది. ఇంకొకటి ఆమోదం లేక నేల కింద దగ్గుతోంది. ఇది తన కంటపడలేదంటే కారణం ఏమిటో ఆవిడకి ఆ క్షణంలో తెలిసినట్టుంది. చెవుల దాకా ఎర్రబడింది.

"మీరు వెళ్ళి ఇంట్లోంచి ఒక పాత దుప్పటి పట్రండి" అంది.

"ఎవరికి చలి?"

"పట్రండి ముందు."

మర్నాడు లైబ్రరీ తెరిచేసరికి ఫలకం దుప్పటి కప్పుకుని ఉంది. పక్కన అత్తయ్య ముత్యాల్లాంటి దస్తూరీతో ఒక చీటీ. 'ఈ ఫలకానికి సంబంధించిన మినిట్స్ ఇంకా ఆమోదం పొందలేదు. కోరం ఏర్పడేవరకు తెరవరాదు. సెక్రటరీ.' తన పేరు మీదా దుప్పటి కప్పేసింది. పెన్షనర్లు పేపర్లు వదిలేసి ఆ చీటీ చదివారు. చాలా ఏళ్ళుగా పేపరులో అంత ఆసక్తికరమైనది రాలేదని ఒకాయన అన్నాడు.

ఇక ఫోన్లే ఫోన్లు. అన్నాళ్ళూ గొంతు పెగలని సభ్యులందరికీ ఆ రోజు గొంతు వచ్చింది.

"ఏమిటండీ ఈ అఘాయిత్యం? మా వియ్యంకులు రేపు చూడ్డానికి వస్తున్నారు!" ప్రెసిడెంటు గారు.

"తెరిచేద్దామండి. ఐదుగురు వచ్చి 'అలాగే జరిగింది' అంటే చాలు."

అవతల ఫోను ఠక్కున పెట్టేశారు. ఐదుగురు వస్తే ఫలకం తెరుచుకుంటుంది. దానితోపాటు పైగది తలుపు కూడా తెరుచుకుంటుంది. రెండూ ఒకే పేజీలో ఉన్నాయి. అందులో తీపి ముక్క మాత్రం కొరుక్కుని మిగతాది పళ్ళెంలో వదిలేయడం ఎలా?

ఈ చిక్కుముడి విప్పే బాధ్యత ప్లీడరు గారు నెత్తిన వేసుకున్నారు. రెండు రోజులు పుస్తకాలు తిరగేసి, మూడోరోజు అత్యవసర మీటింగు పెట్టించారు. వచ్చింది మళ్ళీ ఆ ముగ్గురూ, అత్తయ్యా. పళ్ళ డాక్టరు గారు ఎప్పటిలాగే హాల్లో ఆటల పేజీ దగ్గర. మెట్లెక్కవద్దని ఈసారి ఆయనకి గట్టిగానే చెప్పినట్టున్నారు. పైగది తలుపు తెరిచే ఉంది. మెట్ల పక్కన కూర్చున్న మాకు ప్రతి మాటా వినబడుతోంది. పెన్షనర్లు పేజీలు తిప్పడం మానేశారు. అట్టలాయన మొదటి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"సెక్రటరీ గారూ, మీరు పొరబడ్డారు" మొదలుపెట్టారు ప్లీడరు గారు. ఆయన గొంతులో మంచి జోరు ఉంది. "మినిట్స్ అంటే ఏమిటి? జరిగినదాని నకలు. మనిషి ఫొటో సరిగ్గా రాలేదని మనిషి లేడంటామా? అనం. కోరం ఉన్న సభలో చేతులెత్తి తీర్మానం చేస్తే, ఆ తీర్మానం ఆ క్షణం నుంచే చెల్లుతుంది. తరవాతి సభలో మినిట్స్ ఆమోదించేది దేనికి? మీరు రాసిన రాత సరిగ్గా ఉందా లేదా చూడడానికి. అంతేగానీ, తీర్మానానికి మళ్ళీ ప్రాణం పొయ్యడానికి కాదు! కాబట్టి ఆ ఫలకం ఆ రోజే చెల్లింది. దుప్పటి తీయించండి."

"భేష్!" అన్నారు ఇన్సూరెన్సు ఆయన.

"మరి మన ఆచారం?" అంది అత్తయ్య.

"ఆచారం గౌరవించాల్సిందే. కానీ ఆచారం బైలాసు కాదు. ఎక్కడా రాసి లేదు. నేను మొత్తం చూశాను."

 అత్తయ్యకి ఆ వాదన నిజంగానే కొత్త. ఇన్ని నెలలూ పట్టుకు వేలాడిన కొమ్మ చెట్టుకి లేదని తెలిసినట్టుంది. ఆవిడ పెన్ను తీసింది.

"మరొక్కసారి చెప్పండి ప్లీడరు గారూ. రాసుకుంటాను."

ఆయన మరొక్కసారి, ఇంకొంచెం గంభీరంగా చెప్పారు. అత్తయ్య రాసింది. చదివి వినిపించింది. 'కోరం ఉన్న సభలో చేసిన తీర్మానం ఆ క్షణం నుంచే చెల్లును.'

"అంతేనాండి?"

"అక్షరాలా అంతే."

"అయితే మంచిదండి" అని అత్తయ్య లేచి, మెట్ల దగ్గరికి వచ్చి కిందికి చూసి, ఎన్నడూ లేనంత గట్టిగా పిలిచింది. "అట్టలాయన గారూ! ఇదిగోండి తాళం. మీ సామాను పైకి తెచ్చుకోండి."

పైన పిడుగు పడ్డట్టయింది.

"అదేమిటీ! ఆగండాగండి!" ప్రెసిడెంటు గారు కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నారు. "కోరం లేకుండా మీరలా నిర్ణయాలు తీసుకోకూడదు!"

"నేనేం తీసుకోలేదండి. వేసవిలో మీరు తొమ్మిదిమందీ తీసుకున్నారు. ఆ క్షణం నుంచే చెల్లుతోందట. మనమే ఇన్నాళ్ళూ ఆలస్యం చేశాం."

"ప్లీడరు గారూ, ఏమిటండీ ఇది?"

ప్లీడరు గారు తన వాదనని లోపల మళ్ళీ ఒకసారి చదువుకుంటున్నట్టున్నారు. మొదటి ప్రశ్న వచ్చేసింది మరి.

"రద్దు చేద్దాం" అన్నారాయన చివరికి. "ఆ గది తీర్మానాన్ని ఇప్పుడే రద్దు చేద్దాం."

"రద్దుకి కోరం కావాలండి" అంది అత్తయ్య.

"డాక్టరు కింద ఉన్నాడుగా! డాక్టరు గారూ! ఓ డాక్టరు గారూ! పైకి రండి, అర్జెంటు!"

పళ్ళ డాక్టరు పేపరు మడిచి లేచారు. కానీ మెట్లు ఖాళీగా లేవు. ఆ లైబ్రరీ మెట్లు ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి తగ్గాల్సినంత ఇరుకు. వాటి మొదట్లో అట్టలాయన ఇనప ప్రెస్సు ఉంది. పాతసామాన్లవాడు సాయంత్రం చూడ్డానికి వస్తాడని పొద్దున్నే కింది గదిలోంచి హాల్లోకి చేర్పించి పెట్టాడాయన. తాళం మాట వినగానే పరీక్షల కుర్రాళ్ళు ఇద్దరు దాన్ని ఎత్తారు. ముగ్గురు పెన్షనర్లు సలహాలు ఎత్తుకున్నారు.

"ఎడమకి, ఎడమకి! నీ ఎడమకి కాదు, నా ఎడమకి!"

ప్రెస్సు నాలుగో మెట్టు మీద గోడకి ఇరుక్కుంది. వెనక పళ్ళ డాక్టరు, ముందు ప్రెసిడెంటు గారు, మధ్యలో ఇనుము.

"కొంచెం దారివ్వండయ్యా, నేను కోరం!" అన్నారు డాక్టరు గారు.

"కోరమైతే ఓ చెయ్యి వెయ్యండి సారూ, అడుగున బరువుగా ఉంది" అన్నాడొక కుర్రాడు.

ఆయనకి వేరే దారి లేకపోయింది. చొక్కా చేతులు మడిచి అడుగున పట్టుకున్నారు. మోకాళ్ళు గుర్తొచ్చినట్టు లేవు. నేనూ లేచి జిగురు డబ్బా, దారపు ఉండలూ పట్టుకుని వెనకాల నడిచాను. మెట్టుకి ఒకసారి ఆగుతూ, మూలుగుతూ, ఆ ప్రెస్సు మేడెక్కింది. సరిగ్గా ప్రెసిడెంటు గారు నడుం వాల్చే చోట, కిటికీ పక్కన దిగింది.

"హమ్మయ్య, ఐదుగురం అయ్యాం!" అన్నారు ప్రెసిడెంటు గారు. "డాక్టరు గారూ, ఈ గది ఇవ్వాలన్న తీర్మానం రద్దు చేస్తున్నాం. చెయ్యెత్తండి."

పళ్ళ డాక్టరు గారికి మాట రావడానికి కాస్త సమయం పట్టింది. చేతుల నిండా ఇనపతుప్పు, చొక్కా నిండా చెమట.

"రద్దు చేస్తే?" అన్నారు.

"చేస్తే ఏముందీ, ఇది మళ్ళీ కిందికి దించెయ్యడమే."

"ఎవరు దించుతారు?"



డాక్టరు గారు ప్రెస్సు వంక చూశారు, మెట్ల వంక చూశారు, తన చేతుల వంక చూసుకున్నారు. "నా చెయ్యి లేవదండీ" అన్నారు. "నిజంగానే లేవడం లేదు. దీన్ని ఇంకో అంగుళం కదపమన్నా నేను బోర్డుకి రాజీనామా ఇస్తాను. అవతల పేషెంటుని నోరు తెరిపించి కూర్చోబెట్టి వచ్చాను, వస్తా." ఆ మాటతో ఆయన దిగి వెళ్ళిపోయారు, కోరాన్ని వెంటపెట్టుకుని.

ధర్మం ఇలా కూడా గెలుస్తుంది. దానికి ఎవరి అంతరాత్మా మేలుకోనక్కర్లేదు, ఒకరి నడుం పట్టేస్తే చాలు.

ఆ హడావిడిలో మినిట్స్ చదవడానికి ఎవరికీ తీరిక చిక్కలేదు. అవి ఈనాటికీ ఆమోదం పొందలేదు. వాటిని ఆమోదించాలని ఇప్పుడు ఎవరికీ తొందర లేదు. బోర్డు హాల్లో ఒక మూల కూర్చుంటోంది. పెన్షనర్లు వింటున్నారని మాటలు తగ్గాయి, అందుకని పనులు కొన్ని అవుతున్నాయి. ఫలకం మీది దుప్పటి మామయ్య దగ్గరికి, పాత కేసు కట్టలు ప్లీడరు గారి ఇంటికి వెళ్ళాయి. వాళ్ళావిడ అత్తయ్యతో మాట్లాడడం మానేసింది.

ఆ నెలాఖరున మొదటి వాన గట్టిగా పడింది. కింది గదిలోకి మడమల దాకా నీళ్ళొచ్చాయి. అత్తయ్య చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని ఆ నీళ్ళు చూసింది. చాలాసేపు చూసింది. ఆ తరవాత మేడమీదికి వెళ్ళింది. వెనకే నేను.

అట్టలాయన కిటికీ పక్కన కూర్చుని ఒక లావుపాటి నిఘంటువుకి వీపు కుడుతున్నాడు. దగ్గాడు గానీ, అది మామూలు మనుషులు దగ్గే దగ్గు.

"ఎలా ఉందండీ గది?" అంది అత్తయ్య. ఆవిడ గొంతులో కొంచెం సంతోషం, కొంచెం గర్వం, ఇంకా ఏదో ఉన్నాయి. ఆ మూడోది ఆవిడ ఏ మినిట్సులోనూ రాయదు.

"ఏం చెప్పమంటారమ్మా. గాలి ఎక్కువైంది. కాగితాలు ఎగిరిపోతున్నాయి. నిన్నటిదాకా ఎండకి జిగురు పూసేలోపే ఆరిపోయింది. కింద అయితే పూసి, అన్నం తిని వచ్చి అతికించేవాణ్ణి."

అత్తయ్య తెల్లబోయి చూసింది. "నెలలు పట్టిందండీ ఈ గదికి!"

"తెలుసమ్మా. అందుకే ఇన్నాళ్ళూ చెప్పలేదు" అని దారం కొరికాడాయన. "ఆ పడమటి కిటికీ ఒక్కటి మూయిస్తే చాలు. దానికి మళ్ళీ ఎంతమంది రావాలో?"

అత్తయ్య అలవాటుగా చేతిసంచిలో పెన్ను కోసం తడుముకుంది. ఒక క్షణం ఆగింది. సంచి భుజానికి తగిలించుకుని, తిన్నగా వెళ్ళి కిటికీ రెక్క లాగి, గడియ పెట్టేసింది.